ఇంటికొక కవి

"నేను ముట్టియ్యను! ఈ ఏడు ఒక్క పొయ్యి గూడా ముట్టియ్యను. యెవురి తాళాలు వాండ్లకే పంపియ్యి. లేదంటే నువ్వే పోయి ఒంగోని ఊదుకో!"

మల్లీశ్వరి విసిరిన తాళపుచెవుల గుత్తి గోడకు తగిలి, కుట్టుమిషను కిందికి జారిపోయింది. మిషను ముందు కూర్చుని జీన్సు ప్యాంట్లకు జేబులు కుడుతున్న కూతురు అశ్విని కాలు ఆపింది. గుత్తి తీద్దామని వంగబోయి, తల్లి మొహం చూసి, మళ్లీ నిటారుగా కూర్చుంది.

తిప్పేస్వామి గోడ వైపు తిరిగాడు. ఆయన అలవాటే అంత. భార్య అరిస్తే గోడమీద క్యాలెండరు చూస్తాడు. అందులో శివరాత్రికి ముందు వచ్చే ఆదివారం చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది. చుట్టింది ఆయనే. ఇవాళ గురువారం.

"మాట్లాడప్పా. గోడతో కాదు, నాతో మాట్లాడు."

"ఏం మాట్లాడేది మే? తాంబూలాలు ఇచ్చి కవుల్ని పిలిచి నెల అయింది. వాండ్లు వస్తాండారు."

"వచ్చి యాడ తింటారు? సుంకన్నోల్లు బెంగుళూర్లో. ఎర్రిస్వామోల్లు బెంగుళూర్లో. ఆ వరస వరసంతా బెంగుళూర్లో. ఊర్లో ఉండేది మనం, అయివారు, ఇంగ నడవలేనోల్లు. ఎవురి కోసరం నీ పండగ?"

ఆమె అడిగిన దాంట్లో తప్పేముంది? మూడేళ్లుగా హొసగుడ్డం మీద వాన సరిగ్గా పడలేదు. శెనక్కాయ వేసినవాళ్లకు పశువులకు మేతగా పెట్టే ఎండు కట్టె కూడా మిగల్లేదు. ఒకరి వెనక ఒకరు బస్సెక్కి బెంగుళూరు మేడలు కట్టే పనికి పోయారు. పోతూ పోతూ ఇంటి తాళాలు తెచ్చి తిప్పేస్వామి చేతిలో పెట్టారు. లోపల దాచుకున్న బంగారం ఏమన్నా ఉందా అంటే ఏమీ లేదు. "పండగకు మా కవి వస్తే తలుపు తియ్యన్నా" అని చెప్పి ఇచ్చిన తాళాలవి.

మా కవి! ఆ మాటకు ఈ ఊళ్లో ఉన్న విలువ బయటివాళ్లకు చెప్పినా నమ్మరు. తొమ్మిదేళ్ల కిందట తిప్పేస్వామీ, తెలుగు చెప్పే అయ్యవారు హనుమంతప్పా కలిసి, గుమ్మఘట్ట మండలంలో కర్ణాటక పొలిమేరను ఆనుకున్న ఈ ఊళ్లో మాటల పండగ మొదలుపెట్టారు. తెలుగువాళ్లూ కన్నడంవాళ్లూ వచ్చి బడి వసారాలో కూర్చుని రాసింది చదవాలి, ఊరు వినాలి. అదే పండగ. వచ్చినవాళ్లకు వండిపెట్టడానికి మొదటి ఏడు వంటమనిషి దొరకలేదు. అందుకని ఇంటికొకర్ని పంచేశారు. ఎవరింటికి పంచితే ఆ ఇంట్లోనే తిని, ఆ అరుగు మీదే పడుకుని, పోయేముందు ఆ ఇంటివాళ్ల ముందు కూర్చుని ఒక పద్యమో పాటో వినిపించి పోవాలి.

రెండో ఏడు ఇళ్లు మార్చి పంచబోతే ఆడవాళ్లు కొట్లాటకు దిగారు. మా కవిని వాళ్లింటికి ఎట్లా పంపుతావని! అంతటితో కవులు స్థిరపడిపోయారు. సుంకన్న భార్య ఆంజినమ్మకు ఒక్క అక్షరం రాదు. కానీ వాళ్లింటి కవి, చళ్లకెర నుంచి వచ్చే గంగాధరప్పను ఎవరైనా ఒక మాటంటే ఆ రోజుకు వాళ్ల పని అయిపోయినట్టే. ఒక ఇంటి కవికి ఇంకొక పొయ్యి మీద వండిపెడితే ఆ ఇంటికి తలవంపు. అదీ కట్టుబాటు.

బాగుంది. వినడానికి ఎంతో బాగుంది. పోయినేడు ఇళ్లవాళ్లందరూ తాళాలేసి పోయారు, కట్టుబాటు మాత్రం ఊళ్లోనే ఉండిపోయింది. దాన్ని నెత్తిన పెట్టుకుని మోసింది ఈ మల్లీశ్వరి ఒక్కతే.

"మర్సిపోయినావేమో, నేను మర్సిపోలేదు" అంది ఆమె. "ఆ ఇంట్లో ఎసురు పెట్టి ఈ ఇంటికి ఉరికి, ఈడ కట్టెలు ఎగదోసి మల్ల ఆడికి ఉరికి... ఎర్రిస్వామోల్ల పొయ్యిలో తేలు. సుంకన్నోల్ల పొయ్యి ఊది ఊది కండ్లు పోయినాయి. అన్నీ మనింట్లోనే వండుతానప్పా అంటే, 'అట్ల కాదు మే, వాండ్ల పొయ్యి మీదనే కావల్ల' అంటివి. అంటివా, లేదా?"

"అంటి."

"అని నువ్వు యాడ కూర్చున్నావు?"

ఆయన క్యాలెండరు వైపు తిరిగాడు.

"చెప్పప్పా. యాడ కూర్చున్నావు?"

"బడికాడ."

"బడికాడ సాప మీద కూర్చోని ఆహా ఓహో అంటాన్నావు. పొయ్యికాడికి నాకు ఇనపడతానే ఉండాది. తొమ్మిదేండ్లాయ మాటల పండగ చేసి. నేను ఒక్క మాట ఇన్నానా? మనింటి కవి రంగన్న ఏం రాస్తాడో నాకు తెలుసునా? సంగటి ఎన్ని ముద్దలు తింటాడో తెలుసు. అంతే నాకు తెలిసిండేది."

మల్లీశ్వరి, ఏడుపు రానివ్వకూడదని కొంగుతో మొహం గట్టిగా తుడుచుకుంది.

"అమ్మ చెప్పేది నిజమే నాయనా" అంది అశ్విని మెల్లగా.

"నువ్వు గూడా అంతేనా పాపా?"

"నేనేమన్నా అబద్ధం చెప్తాండానా? పోయినేడు పండగైనాక అమ్మ వారం దినాలు మిషను తొక్కలేదు. నడుము పట్టుకోని పండుకుంటే నేనే తొక్కినా. ఈ ప్యాంట్లు సోమవారం రాయదుర్గం పోకపోతే మల్ల మనకు పని ఇయ్యరు. ఎవురు కుట్టల్ల?"

తిప్పేస్వామికి కూతురి మాటే ఎక్కువ నొప్పి పుట్టించింది. ఆ పిల్లకు కవిత్వమంటే ప్రాణమని ఆయన అనుకుంటూ ఉంటాడు. ప్రాణమే. కానీ నడుం నొప్పి తల్లిదని ఆ పిల్లకు తెలుసు. ఆయనకు తెలియలేదు.

"ఒకటే మాట" అంది మల్లీశ్వరి. "ఆదివారం పొద్దున వాండ్లు ఏ బస్సు దిగితే ఆ బస్సే నేను ఎక్కుతా. పామిడికి మా నాయన ఇంటికి పోతా. నువ్వు, నీ పండగ, ఈ తాళాలు. ముగ్గురూ సంసారం చేసుకోండి."

అదే సమయానికి హనుమంతప్ప గడపలో నిలబడి దగ్గాడు. అంతా విన్నాడని ఆ దగ్గులోనే తెలిసిపోయింది.

మల్లీశ్వరి లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. కోపం కోపమే, అయ్యవారు అయ్యవారే. ఆయన తాగి, చెంబు కింద పెట్టి, అరుగు మీద చతికిలబడ్డాడు.

"ఏం చేద్దామంటావు తిప్పేస్వామీ?"

"మీరే చెప్పండి అయివారూ."

"తాంబూలం ఇచ్చినాక వద్దనల్లంటే ఇంట్లో సావు ఉండల్ల. ఎవురు సచ్చినారని చెప్తావు?"

లోపలి నుంచి మల్లీశ్వరి గొంతు వినిపించింది. "మల్లీశ్వరి సచ్చిపోయిందని చెప్పండి అయివారూ. వంట చేసేది తప్పుతుంది."

హనుమంతప్ప తల వంచుకున్నాడు. పాపం ఆయన మంచివాడే. మంచివాళ్లందరూ ఇట్లాంటప్పుడు తలే వంచుకుంటారు.

"పోనీ అందరికీ ఒక్కతావునే వండిస్తే?" అన్నాడు. "రాయదుర్గం నుంచి వంటమనిషిని పిలిపిద్దాం."

"అది కాదు అయివారూ" తిప్పేస్వామి ఒక్కసారిగా లేచాడు. ఇంతసేపూ లేని గొంతు ఎక్కడి నుంచి వచ్చిందో! "ఒక్కతావున వండి, విస్తర్లు పరిచి పెట్టేదానికి మన ఊరే కావల్లనా? యాడన్నా పెడతారు. మనకుండేదే అదొకటి. వాండ్ల పొయ్యి ఆర్పి పండగ చేస్తే, బెంగుళూర్లో ఉండే ఆ జనం మొహం ఎట్ల చూసేది?"

"నీ పట్టే ఈ పండగను సంపుతాండాది తిప్పేస్వామీ."

"పట్టు లేకుంటే తొమ్మిదేండ్లు నడిచేదా?"



"ఒక పని చెయ్యండి" అంది అశ్విని దారం తెంపుతూ. "నువ్వు సగం ఇండ్లు, అయివారు సగం ఇండ్లు. మీరే ముట్టియ్యండి పొయ్యిలు."

పెద్దమనుషులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కన్నడంలో, తెలుగులో కలిపి వందల కవితలు నోటికి వచ్చిన మనుషులు. హనుమంతప్ప మళ్లీ దగ్గాడు.

"నాకు సంగటి కెలకను రాదు పాపా" అన్నాడు.

"మాయమ్మకు గూడా పుట్టినప్పుడే రాలేదు."

ఆయన మరి కూర్చోలేదు. చెప్పులు వేసుకుని, "ఆలోచిద్దాం, ఆలోచిద్దాం" అంటూ వీధిలోకి నడిచాడు. ఆలోచించడానికి ఆ వీధిలో తాళాలు తప్ప ఏమీ లేవు.

ఆ తర్వాత ఆ ఇంట్లో మాటలు ఆగిపోయాయి. ఆగిపోలేదు, అశ్విని మీదుగా నడిచాయి.

"అశ్వినీ, అన్నం పెట్టినానని చెప్పు మీ నాయనకు."

"నాయనా, అన్నం."

"ఆకలి లేదని చెప్పు."

"ఆకలి లేదంట మా."

"ఆకలి లేకపోతే కుక్కకు పెడతానని చెప్పు."

మూరెడు దూరంలో కూర్చున్న ఇద్దరి మధ్య ఆ పిల్ల తల అటూ ఇటూ తిప్పీ తిప్పీ విసిగిపోయింది. చివరికి తిప్పేస్వామి తిన్నాడు. కుక్కకు పెట్టడం ఆయనకు ఇష్టం లేదు. తింటూ ఉంటే పక్కన శెనక్కాయ పచ్చడి, ఊరిబిండి కూడా ఉందని చూశాడు. ఆయనకు ఇష్టమని నూరింది. అంత కోపంలోనూ నూరింది. 

శుక్రవారం పొద్దున ఆయన ఉతికిన చొక్కా వేసుకున్నాడు.

"యాడికి పోతాండాడో అడుగు."

"యాడికి నాయనా?"

"గుమ్మఘట్టకు. ఫోను చేసేదానికి. ఎవురూ రావద్దని చెప్పేదానికి పోతాండానని చెప్పు మీ యమ్మకు."

మల్లీశ్వరి జేబుగుడ్డ మడుస్తోంది. ఆ చేయి ఆగింది. అంతే. ఆగి, మళ్లీ మడిచింది. ఆపాలని ఆమెకు ఒక క్షణం అనిపించిన మాట నిజం. అనిపించినా ఎట్లా ఆపుతుంది? ఆపితే మళ్లీ ఆ పొయ్యిలన్నీ ఆమెవే కదా.

గుమ్మఘట్ట బస్టాండు పక్కన ఎస్టీడీ బూత్. అద్దాల డబ్బా లోపల ఫ్యాను తిరగదు. తిప్పేస్వామి చెమటలు కక్కుతూ మొదట పామిడి రంగన్నకు చేశాడు. సొంత ఇంటి కవి కదా, అర్థం చేసుకుంటాడని.

"ఏమన్నా, బాగుండావా? నేనే చేద్దామనుకుంటాంటి" అన్నాడు రంగన్న.

"రంగన్నా, ఒక మాట. ఈ ఏడు పండగ పెట్టుకోలేదు. కరువు. ఊర్లో జనం లేరు. నువ్వు రావద్దు."



"అట్లనా! పోనీలే అన్నా, మంచిదే ఆయ. అనంతపురంలో అదే దినం ఒక సభ పెట్టినారు. పెద్ద సభ. నన్ను మాట్లాడమన్నారు. నీకెట్ల చెప్పల్లా అని రెండు దినాల నుంచి ఒకటే ఇది. బతికిచ్చినావు."

తిప్పేస్వామి ఫోను చెవికి పెట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. బతిమాలతాడనుకున్నాడు. కనీసం అయ్యో అంటాడనుకున్నాడు. "సరే రంగన్నా, బాగా మాట్లాడు" అని పెట్టేశాడు.

తర్వాత వరసగా చేశాడు. ఒకాయన కరువు గురించి చాలాసేపు మాట్లాడాడు. ఒకావిడ, వచ్చే ఏడు తప్పకుండా వస్తానంది. అందరూ మర్యాదగానే ఒప్పుకున్నారు. అంత మర్యాదగా ఒప్పుకుంటారని తెలిసుంటే తొమ్మిదేళ్లు ఇంత యాతన పడేవాణ్ణా అని ఆయనకు అనిపించింది. చళ్లకెర గంగాధరప్పకు కావాలనే చివరికి పెట్టుకున్నాడు.

"ఏన్రీ తిప్పేస్వామీ! ఆదివారం మొదటి బస్సుకే దిగుతాండాను. ఈ ఏడన్నా ఆంజినమ్మ ఊర్లో ఉంటే చెప్పు."

"సార్, పండగ లేదు సార్."

"ఏమాయ? ఇంట్లో అందరూ బాగుండారా? ఎవరికన్నా ఏమన్నా..."

"అందరూ బాగుండారు సార్."

"మరి తాంబూలం ఇస్తివి గదప్పా?"

ఏం చెప్పాలి? పొయ్యి ముట్టించే చెయ్యి లేదని చెప్పాలా? నా పెళ్లాం విసిగిపోయిందని చెప్పాలా? చెప్పినా బాగుండేదేమో. 

"ఊర్లో ఎవురూ లేరు సార్."

"మా ఆంజినమ్మ ఈ ఏడు గూడా రాలేదా?"

"బెంగుళూర్లో."

"సుంకన్న?"

"ఆడే."

ముసలాయన ఊపిరి తీసుకోవడం వినిపించింది. "నేనేమన్నా తిండికి వస్తాండానా? మా ఇంట్లో రొట్టె కట్టించుకోని వస్తాను. ఆంజినమ్మ అరుగు మీద కూర్చోని, నాలుగు మాటలు చదువుకోని, పొద్దు దిగేలోపల బస్సు పట్టుకుంటాను. బేడవా? అది గూడా వద్దా?"

రమ్మనాలని తిప్పేస్వామి ప్రాణం కొట్టుకుంది. రమ్మంటే? ఆయన అరుగు మీద రొట్టె విప్పుకుని ఒక్కడే తింటుంటే, కోపాన్నంతా మింగి మల్లీశ్వరి ఆ పొయ్యి ముట్టించకుండా ఉంటుందా? ఉండలేదు. ఆయనకు తెలుసు. ఇరవై ఏళ్ల కాపురంలో ఆ మాత్రం తెలుసు.

"వద్దు సార్" అన్నాడు.

"సరే అప్పా" అన్నాడు గంగాధరప్ప. పెట్టేశాడు.

బూత్ అతను అద్దం మీద తట్టాడు. "అయిపోయినాయా అన్నా? ఇంగెవరికన్నా చెయ్యల్లనా?"

"ఇంగెవరికి? అయిపోయినాయి" అన్నాడు తిప్పేస్వామి. బయటికొచ్చి బస్టాండు బల్ల మీద కూర్చుని, పదిమంది చూస్తుండగా కళ్లు తుడుచుకున్నాడు. ఎండ అట్లా ఉంది కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు.

శనివారం ఇంట్లో మిషను చప్పుడు తప్ప ఏమీ లేదు. మల్లీశ్వరి గెలిచింది. గెలిచినప్పటి నుంచీ ఆమెకు మనసు మనసులో లేదు. కుట్టిన జేబు విప్పి మళ్లీ కుట్టింది. చివరికి పట్టలేక, కూతురి మీదుగా కాకుండా నేరుగా మొగుణ్నే అడిగింది.

"ఏమన్నారు?"

"సరే అన్నారు."

"అందరూనా?"

"అందరూ."

"రంగన్న?"

తిప్పేస్వామి క్యాలెండరు వైపు చూశాడు.

"నిన్నే అడిగేది. మనింటి కవి ఏమన్నాడు?"

"బతికిచ్చినావన్నాడు."

మల్లీశ్వరికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మిషను చక్రం మీద చెయ్యి వేసి ఆపేసింది.

"బతికిచ్చినావన్నాడా? అచ్చం అదే మాట అన్నాడా?"

"అంతే."

"తొమ్మిదేండ్లు పెడ్తినప్పా ఆ మనిషికి! ఒక ఏడు జరమొస్తే జావ కాంచి పోస్తి. మా పామిడాయన అని అందరి కన్నా ఒక ముద్ద ఎక్కువ పెడ్తి." ఇక ఆపుకోలేదు, బోరున ఏడ్చింది. "నేను ముట్టియ్యనన్న్యా గాని, వాండ్లు రావద్దని అన్న్యానా?"

ఇదెక్కడి న్యాయం అని తిప్పేస్వామి అనొచ్చు. అనలేదు. భార్య పక్కన కింద కూర్చున్నాడు.  అశ్విని లేచి, తల్లి ఆపిన మిషను తాను తొక్కడం మొదలుపెట్టింది.

ఆదివారం పొద్దున నీళ్ల ట్యాంకరు వచ్చింది. మల్లీశ్వరి రెండు బిందెలు పట్టి వీధిలో పెట్టింది. ఎప్పుడూ లేంది తిప్పేస్వామి కూడా ఒక బిందె తీసుకుని వచ్చాడు. ఆ రోజు ఇంట్లో కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. బడి వసారా వైపు చూడకుండా ఉండటానికి ట్యాంకరు గొట్టాన్నే చూస్తూ నిలబడ్డాడు.

రాయదుర్గం బస్సు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగింది. ఈ మధ్య ఊళ్లో ఆ బస్సుకు ఎక్కేవాళ్లే గానీ దిగేవాళ్లు లేరు. ఇవాళ ఎంతకీ కదలదు. ఒకరు దిగారు. ఇంకొకరు దిగారు. మూటలు దిగాయి. చంకలో పిల్లలు దిగారు.

"మల్లక్కా! ఓ మల్లక్కా!"

ఆంజినమ్మ. నెత్తిన మూట, చేతిలో సంచి, సంచిలోంచి తొంగిచూస్తున్న క్యారెట్లూ కోసుగడ్డా. వెనక సుంకన్న. ఆ వెనక ఎర్రిస్వామి, అతని భార్య, తల్లి. ఆ వరస ఇళ్లవాళ్లందరూ. సిమెంటు పట్టి తెల్లబడిన కాళ్లతో, రాత్రంతా బస్సుల్లో కూర్చుని వాచిన మొహాలతో, నవ్వుతూ దిగుతున్నారు.

మల్లీశ్వరి చేతిలో బిందె ఒరిగి నీళ్లు కాళ్ల మీద పడ్డాయి. ఆమె చూసుకోలేదు.

"ఏమే ఆంజినా... ఎట్లొచ్చినారు?"

"ఎట్లొచ్చేదేంది? పండగ గదా!" ఆంజినమ్మ మూట దించి, మల్లీశ్వరి రెండు చేతులూ పట్టుకుంది. "పోయినేడు మా పొయ్యిలన్నీ నువ్వే ముట్టిచ్చినావంట గదక్కా. గంగాధరప్ప సారు ఒకసారి బెంగుళూర్లో కనపడి మా ఆయనకు చెప్పినాడంట. తేలు గూడా ఉన్నిందంట. ఆ మాట ఇన్నప్పుడు సిగ్గుతో సచ్చిపోయినా. మా ఇంటి కవికి మేము ఉండంగానే ఇంగొకరు చెయ్యి కాల్చుకోని వండేదా? ఈ ఏడు ఏమైనా కానీ పోవల్లని అప్పుడే అందరూ అనుకుంటిమి. నువ్వు ఈ పూట ఒక్క పుల్ల గూడా ఎగదొయ్యాకు. బడికాడ ముందర కూర్చోని ఇనల్ల. మేము చూసుకుంటాం."

"మేస్త్రీ... మేస్త్రీ పంపిచ్చినాడా?" తిప్పేస్వామి బిందె కింద పెట్టి అడిగాడు.

"యాడ పంపిస్తాడన్నా!" సుంకన్న నవ్వాడు. "పోతే మల్ల రావద్దన్నాడు. మా తావులో వేరేవాండ్లను పెట్టుకుంటాడంట. పెట్టుకోనీ. బతికుంటే ఇంగొక పని దొరకదా? ఏడాదికొక దినం. అది గూడా లేకపోతే ఇంగేముండాది మనకు? తాళాలు తే అన్నా, ఇండ్లు ఊడ్చుకోవల్ల."

తిప్పేస్వామి నోరు తెరిచాడు. చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. వచ్చేవాళ్లందరికీ ఫోను చేసి రావద్దన్నాడు. ఈ ఇళ్లవాళ్లకు, ఈ పండగ ఎవరిదో వాళ్లకు, ఒక్కరికి కూడా చెప్పలేదు. పనికి పోయిన మనుషులు పోయినట్టేనని అనుకున్నాడు. ఆ ఆలోచనే రాలేదు ఆయనకు. తొమ్మిదేళ్ల నుంచీ కవులనే లెక్కపెట్టుకుంటూ వచ్చిన మనిషికి ఆ ఆలోచన ఎట్లా వస్తుంది!

"ఆంజినా..." అన్నాడు. 

ఎర్రిస్వామి తల్లి అప్పటికే తమ గడప ముందు కూర్చుని కొంగుతో దుమ్ము దులుపుతోంది. పిల్లలు బడి వైపు పరిగెత్తారు. ఎవరో, పోయినేటి కన్నా ఈ ఏడు సాపలు ఎక్కువ పరవాలని అరుస్తున్నారు. గడపలో నిలబడిన అశ్విని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని తల్లినే చూస్తోంది.

"ఏమక్కా అట్లుండావు?" ఆంజినమ్మ మల్లీశ్వరి గడ్డం పట్టుకుంది. "సారు ఈ బస్సులోనే ఉంటాడనుకుంటి. లేడు. మొదటి బస్సుకే గదా వచ్చేది ఎప్పుడూ? నాకు సంగటి కెలికేదానికి లెక్క తెలియల్ల గదా. మా కవి ఏ బస్సుకొస్తాడక్కా?"

తిప్పేస్వామి భార్య వైపు చూశాడు. చెప్పు, నువ్వే చెప్పు, నాకు చేత కాదు అన్నట్టు చూశాడు.

మల్లీశ్వరి పెదవులు కదిలాయి. ఆంజినమ్మ కాళ్లకున్న సిమెంటు వైపు చూసింది, సంచిలోని కోసుగడ్డ వైపు చూసింది.

"పన్నెండు గంటల బస్సుకు" అంది. "అందరూ దానికే వస్తారు. నువ్వు పోయి పొయ్యి ముట్టియ్యి."

ఆంజినమ్మ మల్లీశ్వరి నింపిన బిందెల్లో ఒకటి చంకన పెట్టుకుని, "బిరీన రాండి మే, పొద్దు పోతాండాది" అని మిగతా ఆడవాళ్లను కేకేస్తూ తమ ఇంటి వైపు నడిచింది.